తిరుపతి నుంచి రాక్ కచేరీకి: ఏది వెళ్ళదగ్గది, ఏది వదలదగ్గది

తిరుపతిలో సంగీతానికి కొరత లేదు. మహతి ఆడిటోరియంలోనో అన్నమాచార్య కళామందిరంలోనో తరచూ ఏదో ఒక కచేరీ జరుగుతూనే ఉంటుంది, అందులో చాలావాటికి టికెట్ కూడా ఉండదు. అయితే ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ములు, పెద్ద స్పీకర్ల మధ్య నిలబడి రాక్ సంగీతం వినాలనుకునే వాడికి మాత్రం ఊరు దాటక తప్పదు. చెన్నై సుమారు నూట నలభై కిలోమీటర్లు, బెంగళూరు రెండు వందల యాభై, హైదరాబాద్ ఒక రాత్రి రైలు ప్రయాణం, ముంబై దాదాపు ఒక రోజు. అందుచేత టికెట్ ధర ఒక్కటే చూసి నిర్ణయించుకునే వెసులుబాటు మనకు లేదు. ఏదో ఒక కచేరీ గురించి కాకుండా, తిరుపతి, చిత్తూరు ప్రాంతపు శ్రోతకు అందుబాటులో ఉన్న కచేరీలన్నింటినీ కలిపి చూసి రాస్తున్న సమీక్ష ఇది. నా అభిప్రాయం ముందే చెబుతాను: బెంగళూరులో జరిగే మధ్యస్థాయి కచేరీలు మనకు అన్నివిధాలా గిట్టుబాటు అవుతాయి, స్టేడియంలో జరిగే మహా ప్రదర్శనలు దాదాపుగా అవవు.

పోస్టరు మీద ఉన్న పేరుకూ వేదిక మీద నిలబడే మనుషులకూ ఉన్న సంబంధాన్ని మొదట పరిశీలించాలి. అమెరికన్ రాక్ బృందం గన్స్ అండ్ రోజెస్ 2012 డిసెంబరులో బెంగళూరు, ముంబై, గుర్‌గావ్ నగరాలకు వచ్చినప్పుడు గాయకుడు ఆక్సెల్ రోజ్ ఉన్నాడు గానీ, ఆ పాటలకు గిటారు గుర్తింపు తెచ్చిన స్లాష్ లేడు, బాస్ గిటారు వాయించే డఫ్ మెకేగన్ కూడా లేడు. వారిద్దరూ 2016లో తిరిగి చేరారు. 2025 మేలో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సులో ప్రదర్శన ఇచ్చినది ఆ చేరిక తర్వాతి బృందం. పేరు ఒకటే అయినా ఈ రెండూ వేర్వేరు కచేరీలు. మొదటిదాన్ని వదిలి రెండోదానికి వెళ్ళినవాడిని నేను తప్పుపట్టను, గొంతు విషయంలో మాత్రం 2012 నాటి ఆక్సెల్ రోజే నయమని వాదించేవారూ ఉన్నారు. లింకిన్ పార్క్ సంగతి ఇంకా సున్నితమైనది. గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ 2017లో మరణించాక ఏళ్ళ తరబడి మౌనంగా ఉన్న ఆ బృందం 2024లో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను గాయనిగా తీసుకుని మళ్ళీ మొదలైంది. పాత పాటలను పాత గొంతుతో మనసులో పెట్టుకుని వెళ్ళేవారికి అక్కడ నిరాశే మిగులుతుంది, కొత్త ఆల్బమ్ విని నచ్చి వెళ్ళేవారికి మాత్రం డబ్బు వృథా కాదు. ఏ బృందమైనా తన పర్యటనలో అంతకుముందు జరిగిన కచేరీలలో ఏ పాటలు, ఏ వరుసలో పాడారో ఇప్పుడు ఇంటర్నెట్‌లో సులభంగా దొరుకుతుంది. ఆ జాబితా చూడకుండా వేల రూపాయలు పెట్టడం నా దృష్టిలో అజాగ్రత్తే.

ఆ తర్వాత చూడవలసినది మైదానం. 2025 జనవరి 25, 26 తేదీలలో బ్రిటిష్ బృందం కోల్డ్‌ప్లే అహ్మదాబాద్‌లోని నరేంద్ర మోదీ స్టేడియంలో ప్రదర్శన ఇచ్చింది. అది లక్షా ముప్పై వేలకు పైగా ప్రేక్షకులు పట్టే క్రికెట్ మైదానం. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, వేదికకు వంద మీటర్ల దూరంలో ఉన్నవాడికి డ్రమ్ము మీద పుల్ల పడటం తెరమీద కనిపించిన తర్వాత దాదాపు మూడో వంతు సెకను ఆలస్యంగా చప్పుడు వినిపిస్తుంది. దీన్ని సరిదిద్దడానికే మైదానం మధ్యలో అదనపు స్పీకర్ల స్తంభాలు నిలబెట్టి, వాటికి వెళ్ళే ధ్వనిని లెక్కకట్టి ఆలస్యం చేస్తారు. ఆ లెక్క ఎంత బాగా కుదిరినా పై అంతస్తు గ్యాలరీలో కూర్చున్నవాడు చూసేది తెరను, వినేది కాంక్రీటు గోడలకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని. పైగా 26వ తేదీ కచేరీని డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. రంగుల వెలుగులు, చేతికి కట్టే మెరుపు పట్టీలు, జనం కలిసి పాడటం కావాలనుకునేవారు తప్పక వెళ్ళవలసిందే. పాట వినడానికి అయితే రేణిగుంటలో బయలుదేరి అంత దూరం పోనక్కరలేదు.

మైదానం చిన్నదైనా ఎక్కడ నిలబడ్డామన్నది ముఖ్యమే. వేదికకు ఎదురుగా కొంత దూరంలో, గుడారం కింద, మీటలతో నిండిన పెద్ద బల్ల దగ్గర సౌండ్ ఇంజనీరు కూర్చుని ఉంటాడు. అతడు ధ్వనిని సరిచేసేది తన చెవికి వినిపించేదాన్ని బట్టే కాబట్టి, ఆ గుడారం కంచెకు ఆనుకుని నిలబడినవాడికి అతడు వింటున్నదే వినిపిస్తుంది. బెంగళూరులో ఒక కచేరీ దగ్గర కేబుళ్ళు చుడుతున్న పెద్దాయన ఒకరు, నా మాట యాసను పట్టుకుని మనవాడేనని గుర్తించి, "ఈడ్నే నిలబడు నైనా, ముందరికి పోతే నీకు డ్రమ్ములు తప్ప ఇంకేం ఇనపడదు" అన్నారు. అక్కడ గాయకుడి మాట, గిటారు తీగ మీద వేలు జారే చప్పుడు, బాస్ గుండెకు తగిలే బరువు దేనికది విడివిడిగా తెలిశాయి. ఆ తర్వాత ముందు వరుసకు అదనంగా డబ్బు కట్టాలన్న ఆశ నాకు కలగలేదు. కొత్తవారు అడగకుండానే వేదిక ముందే నిలబడే ఫ్యాన్ పిట్ టికెట్ కొనేస్తారు, అది గాయకుడిని దగ్గరగా చూడటానికి పనికొచ్చే టికెట్ తప్ప వినడానికి పనికొచ్చేది కాదు.

చెవుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. 85 డెసిబెల్స్ చప్పుడును రోజుకు ఎనిమిది గంటల వరకు భరించవచ్చని, అక్కడినుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుందని వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్కకడతారు. ఆ లెక్క ప్రకారం 100 డెసిబెల్స్ దగ్గర మనకు మిగిలేది పదిహేను నిమిషాలు. రాక్ కచేరీ రెండు గంటలు సాగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం కూడా వేదికలలో సగటు చప్పుడు 100 డెసిబెల్స్ దాటకూడదనే చెప్పింది. సంగీతం కోసమే తయారుచేసిన ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే పాట మసకబారదు, మర్నాడు చెవిలో గుయ్యిమనే మోత ఉండదు. దూదితో ఆ పని జరగదు.

ఇక బెంగళూరు. రోలింగ్ స్టోన్స్ 2003లో, ఐరన్ మెయిడెన్ 2007లో, మెటాలికా 2011లో పాడిన ప్యాలెస్ గ్రౌండ్స్ ఈ ఊరిలోనే ఉంది. మెటాలికా విషయంలో అయితే అక్టోబరు 28న గుర్‌గావ్‌లో జరగవలసిన కచేరీ భద్రతా కారణాలతో ఆగిపోయి, కోపం పట్టలేని జనం వేదికను ధ్వంసం చేశారు. రెండు రోజుల తర్వాత బెంగళూరులో మాత్రం అదే బృందం కచేరీ చేసి వెళ్ళింది. దశాబ్దాలుగా ఇటువంటి కార్యక్రమాలు నిర్వహించడం అలవాటైన నగరం కావడం వల్ల అక్కడ గేట్లు, క్యూలు, మంచినీళ్ళు మిగతా చోట్లకన్నా కొంత మెరుగ్గా ఉంటాయని నా అనుభవం.

అంతకన్నా పెద్ద లాభం తిరుగు ప్రయాణంలో ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. ఏడాదికి గరిష్ఠంగా పదిహేను రోజులు మాత్రమే రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వగలదు. కాబట్టి బెంగళూరు కచేరీ సాధారణంగా పదికి ముగుస్తుంది, తిరుమలకు వచ్చే భక్తుల పుణ్యమా అని అక్కడినుంచి తిరుపతికి రాత్రి పొద్దుపోయాక కూడా బస్సులు దొరుకుతాయి. కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా తెల్లవారేసరికి ఇంటికి చేరవచ్చు. గదికి పెట్టే డబ్బు మిగులుతుంది. వెళ్ళేటప్పుడు మాత్రం బస్సంతా గుండు మీద గంధం ఇంకా ఆరని భక్తులు, ఒళ్ళో లడ్డూల సంచులు, నెయ్యి, పచ్చకర్పూరం వాసన. వారి మధ్య పుర్రె బొమ్మ ఉన్న నల్ల టీషర్టుతో కూర్చున్నవాడిని పక్క సీటు పెద్దావిడ ఒకసారి ఎగాదిగా చూసి, ఆ తర్వాత లడ్డూ ముక్క చేతిలో పెట్టకుండా ఉండదు. ఒక జాగ్రత్త అవసరం: కచేరీల కాలమైన నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలోనే వైకుంఠ ఏకాదశి, రథసప్తమి వస్తాయి. ఆ రోజుల్లో కచేరీ టికెట్‌కన్నా బస్సు టికెట్ ముందు కొనాలి.

దూరం చూస్తే చెన్నైయే మొదటి స్థానంలో ఉండాలి, నేను మాత్రం రెండో స్థానమే ఇస్తాను. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు ఆరుబయటి కార్యక్రమాన్ని ఎప్పుడైనా ముంచేయగలవు, మార్చి దాటితే ఉక్కపోత నిలబడనివ్వదు. మధ్యలో మిగిలేది జనవరి, ఫిబ్రవరి. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఊరి చివర జరిగేవైతే తిరిగిరావడం మరో పరీక్ష, ఎందుకంటే ఆంధ్ర వైపు బస్సులు బయలుదేరే మాధవరం టెర్మినస్ నగరానికి సరిగ్గా రెండో చివర ఉంది. 2023 ఆగస్టులో వర్షం వల్ల వాయిదాపడి సెప్టెంబరు 10న ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీది పనైయూరులో జరిగిన ఏ.ఆర్. రెహమాన్ కచేరీ రాక్ కాదు గానీ, టికెట్ ఉన్నవారే లోపలికి వెళ్ళలేక, ట్రాఫిక్‌లో చిక్కుకుని వెనుదిరిగిన ఆ సాయంత్రం ఆ దారిలో జరిగే ప్రతి పెద్ద కార్యక్రమానికీ హెచ్చరికే. నగరం లోపల, పైకప్పు ఉన్న హాలులో జరిగేవైతే చెన్నైకి నిస్సంకోచంగా వెళ్ళవచ్చు.

హైదరాబాద్ విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. 2024 డిసెంబరులో కెనడా రాక్ గాయకుడు బ్రయాన్ ఆడమ్స్ తన పర్యటనలో ఆ నగరాన్ని కూడా చేర్చుకోవడం మంచి సూచన. చౌరస్తా వంటి తెలుగు బృందాలను వారి సొంత శ్రోతల మధ్య వినాలంటే అదే సరైన చోటు. అయితే రానుపోను రెండు రాత్రులు రైల్లో గడుస్తాయి కనుక, అక్కడ మరో పని ఉన్నప్పుడు పెట్టుకోవడం మేలు.

ముంబైలో 2023లో మొదలైన లొల్లపలూజా వంటి ఉత్సవాలలో లెక్క వేరు. మొదటి ఏడు ఇమాజిన్ డ్రాగన్స్, ది స్ట్రోక్స్ వచ్చాయి, 2025లో గ్రీన్ డే వచ్చింది. రెండు రోజులు, అనేక వేదికలు, పదుల సంఖ్యలో బృందాలు అనేసరికి చవకగా కనిపిస్తుంది. ఒకే సమయంలో రెండు వేదికలమీద పాట నడుస్తుంది కాబట్టి నిజంగా వినగలిగేది అందులో సగమే, పైగా ఉత్సవంలో చాలా బృందాలు తమ పూర్తి కచేరీని కుదించి గంటలో ముగిస్తాయి. నాకు కావలసినవి కనీసం మూడు బృందాలు ఉంటే తప్ప నేను ఆ దారి పట్టను.

పెద్ద పేర్ల వెంట పడేవారు వదిలేస్తున్నది మన బృందాలను. బెంగళూరు బృందం అగం కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్‌తో కలిపి వాయిస్తుంది. దాని గాయకుడు హరీష్ శివరామకృష్ణన్ త్యాగరాజ కృతిని ఎత్తుకున్నప్పుడు చుట్టూ ఉన్న కన్నడ, మలయాళ కుర్రాళ్ళు తెలుగు సాహిత్యాన్ని గొంతెత్తి పాడుతుంటే, తిరుపతిలో సంగీతం నేర్చుకుని పెరిగినవారికి కలిగే ఆనందం వేరే ఏ విదేశీ బృందమూ ఇవ్వలేనిది. రికార్డులో కట్టుదిట్టంగా ఉండే స్వరాలు వేదిక మీద సాగుతాయి, గిటారుకూ వయొలిన్‌కూ మధ్య సవాలు జవాబు నడుస్తుంది, అదే పాట ఏ రెండు రాత్రులూ ఒకేలా ఉండదు. కేరళ నుంచి వచ్చిన తైక్కుడం బ్రిడ్జ్ కూడా ఈ కోవలోదే. ఢిల్లీ బృందం ఇండియన్ ఓషన్ 2009లో గాయకుడు, తబలా కళాకారుడు అషీమ్ చక్రవర్తిని కోల్పోయాక మారింది నిజమే, అయినా రాహుల్ రామ్ బాస్ వినడానికి ఇప్పటికీ వెళ్ళవచ్చు. బ్లడీవుడ్ జర్మనీలోని వాకెన్ మెటల్ సంగీతోత్సవంలో 2019లోనే వాయించి వచ్చిన ఢిల్లీ బృందం. ఢోలు, మెటల్ గిటారు కలిసి మోగినప్పుడు కలిగే ఊపు ఫోనులో పది శాతం కూడా పట్టుబడదు. ఇటువంటి బృందాల టికెట్ సాధారణంగా విదేశీ బృందం టికెట్‌లో చిన్న భాగమే ఉంటుంది.

టికెట్ అమ్మే సేవల గురించి ఒక ఫిర్యాదు ఉంది. అయిదు వందలు దాటిన టికెట్ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, దానిపైన బుకింగ్ రుసుము చేరుతుంది, చివరి మెట్టు వరకు ఇవి తెరమీద స్పష్టంగా కనిపించవు. బెంగళూరులో ఒక కచేరీ మధ్యాహ్నం రద్దయినప్పుడు నేను అప్పటికే దారిలో ఉన్నాను. టికెట్ డబ్బు కొన్ని వారాలకు తిరిగివచ్చింది గానీ బుకింగ్ రుసుము రాలేదు, బస్సు ఖర్చును అడిగే చోటే లేదు. నిర్వాహకులు ఇంతకుముందు ఎన్ని కార్యక్రమాలు సక్రమంగా నడిపారో వెతికి చూడటం అప్పటినుంచి అలవాటైంది.

చిత్తూరువారికి వెల్లూరులోని వీఐటీ విశ్వవిద్యాలయం, మనకు ఏర్పేడు దగ్గరి ఐఐటీ ఉన్నాయి. అక్కడి విద్యార్థి ఉత్సవాలలో మంచి బృందాలు వస్తుంటాయి, బయటివారిని లోపలికి అనుమతిస్తారో లేదో మాత్రం ఆ ఏటి నిబంధన చూసుకోవాలి. పాడేవారి పేర్లు ప్రకటించకముందే తగ్గింపు ధరకు అమ్మే తొలి విడత టికెట్లను నేను కొనను. పేర్లు, మైదానం, ముగింపు సమయం మూడూ తెలిశాకే, రాత్రి బస్సులో సీటు ఖాయమయ్యాకే డబ్బు కడతాను, ఆలోగా టికెట్లు అయిపోతే ఆ కచేరీని వదిలేస్తాను.