నడకలో మీ కుక్కను ‘ప్రశాంతంగా మారుస్తాం’ అని హామీ ఇచ్చే శిక్షకుల విషయంలో జాగ్రత్త

నడకకు తీసుకెళ్లినప్పుడు మరో కుక్క కనబడితే చాలు మొరుగుతూ, పట్టీ తెంచుకునేంతగా లాగుతూ మీదికి దూకే కుక్కను కొద్ది వారాల్లో ప్రశాంతంగా మార్చి ఇస్తామని హామీ ఇచ్చే శిక్షణ కేంద్రంలో మీ కుక్కను చేర్చాలని అనుకుంటున్నారా? అయితే డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. మా కుక్కను అలాంటి ఒక కేంద్రంలోనే ఉంచాము. దానికి అక్కడ షాక్ కాలర్, అంటే మెడకు విద్యుత్ షాక్ ఇచ్చే పట్టీ, తొడిగారు. ఆ సంగతి చేర్చుకునేటప్పుడు మాకు చెప్పలేదు, రాసుకున్న ఒప్పందంలోనూ లేదు.

శిక్షణ సాగుతుండగా యజమాని కనబడితే కుక్క ధ్యాస చెదురుతుందని చెప్పి మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. దానికి బదులు రోజూ ఫోనుకు చిన్న చిన్న వీడియోలు పంపేవారు. వాటిలో ఇతర కుక్కలు పక్క నుంచి వెళుతుంటే మా కుక్క చప్పుడు చేయకుండా కూర్చుని ఉండేది. ఇంటికి తెచ్చాక దువ్వుతుంటే, గొంతు కింద బొచ్చులో పక్కపక్కనే రెండు గుండ్రని పుండ్లు చేతికి తగిలాయి. కాలర్‌లో చర్మాన్ని తాకే రెండు లోహపు మొనలు గంటల తరబడి ఒకేచోట ఒత్తుకుంటే ఇలాంటి పుండ్లు పడతాయని పశువైద్యుడు వివరించారు. కేంద్రం వారిని అడిగితే, అది కేవలం వైబ్రేషన్ ఇచ్చే ‘సిగ్నల్ కాలర్’ అన్నారు. డబ్బు వాపసు అడిగితే, హామీ అంటే అక్కడే మళ్లీ శిక్షణ ఇవ్వడం మాత్రమేనని తేల్చేశారు.

పుండ్లు మానాయి. అసలు నష్టం బయటికి తీసుకెళ్లినప్పుడు తెలిసింది. వీధి మలుపులో మరో కుక్క కనబడగానే మాది మొరగలేదు. చెవులు వెనక్కి అతుక్కుపోయాయి, తోక కడుపు కిందికి పోయింది, నాలుకతో పదే పదే మూతి నాక్కుంది, తల కదపకుండా కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసింది, ఎంతో ఇష్టమైన మాంసం ముక్కను ముక్కు దగ్గర పెట్టినా వాసన చూడలేదు. వీడియోలను మళ్లీ చూస్తే వాటిలోనూ భయాన్ని తెలిపే ఇవే లక్షణాలు కనిపించాయి. కొన్నాళ్లకు, ఎప్పుడూ స్నేహంగా ఉండే పొరుగింటి ముసలి కుక్క దగ్గరికి రాగా, గుర్రుమనకుండానే దాని చెవి కొరికింది. గతంలో ఎంత గొడవ చేసినా మా కుక్క ఎవరినీ కరిచి ఎరగదు.

ఎందుకిలా జరుగుతుందో తెలుసుకోవాలి. పట్టీతో ఉన్న కుక్క మరో కుక్కపైకి దూకడానికి ఎక్కువగా భయమో, దగ్గరికి వెళ్లనివ్వడం లేదన్న అసహనమో కారణం. మరో కుక్క కనబడిన ప్రతిసారీ మెడలో నొప్పి పుడితే, ఆ నొప్పికి తన మొరుగుడే కారణమని కుక్క అర్థం చేసుకుంటుందన్న నమ్మకం లేదు. ఎదుటి కుక్క వస్తే నొప్పి వస్తుందని నేర్చుకునే ప్రమాదమే ఎక్కువ. గుర్రుమనడం ‘దూరంగా ఉండు’ అని చెప్పే ముందస్తు హెచ్చరిక. దాన్ని శిక్షించి అణిచేస్తే హెచ్చరిక పోతుంది గాని భయం పోదు. తప్పించుకోలేని విద్యుత్ షాక్‌లకు గురైన కుక్కల్లో చాలావరకు, ఆ తరువాత తప్పించుకునే వీలున్నా ప్రయత్నించలేదని 1967లో మనస్తత్వవేత్తలు సెలిగ్మన్, మేయర్ చేసిన ప్రయోగాల్లో వెల్లడైంది. కదలకుండా ఉన్న కుక్కను చూసి ప్రశాంతంగా ఉందని అనుకోకూడదు.

‘మీరు ఇంట్లో ఆల్ఫాగా (గుంపును అదుపులో ఉంచే నాయకుడిగా) ఉండటం లేదు, అందుకే ఇలా తయారైంది’ అనే మాట వినబడితే మరింత జాగ్రత్తపడండి. ఈ భావన బోనుల్లో పెట్టిన తోడేళ్లపై 1947లో వెలువడిన పరిశీలన నుంచి వ్యాపించింది. దానికి ప్రాచుర్యం కల్పించినవారిలో ఒకరైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ స్వయంగా, అడవిలో తోడేళ్ల గుంపు అంటే సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలతో కూడిన కుటుంబమేనని 1999లో రాశారు. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, పిలిస్తే రావడం వంటివి నేర్పడంలో షాక్ కాలర్ వల్ల బహుమతి పద్ధతికి మించిన ప్రయోజనమేదీ కనబడలేదు. వేల్స్ 2010లోనే ఈ కాలర్ల వాడకాన్ని నిషేధించింది.

సరైన పద్ధతిలో దూరమే ప్రధానం. మరో కుక్కను చూసినా మీ కుక్క మీ పిలుపు వినగలిగే, మీరిచ్చింది తినగలిగే దూరం ఎంతో ముందుగా కనుక్కోవాలి. తినడం మానేసిందంటే మరీ దగ్గరికి వచ్చేశారని అర్థం, వెంటనే వెనక్కి తగ్గాలి. ఆ దూరంలో ఎదుటి కుక్క కనబడిన తరువాతే రుచికరమైన ముక్కలు ఇవ్వడం మొదలుపెట్టాలి, అది కనుమరుగు కాగానే ఆపాలి. ఈ వరుస తారుమారైతే, తిండి బయటికి తీయడమే ఏదో ప్రమాదం రాబోతున్నదనడానికి గుర్తుగా మారిపోవచ్చు. దూరాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోవాలి. ఇందుకు నెలలు పట్టవచ్చు. అన్ని కుక్కలతోనూ స్నేహం చేయనవసరం లేదు, పక్క నుంచి నిబ్బరంగా దాటిపోతే అదే చాలు. ప్రవర్తన హఠాత్తుగా మారితే మాత్రం ముందు పశువైద్యుడికి చూపించండి, ఎందుకంటే కీళ్లనొప్పి వంటి బాధ ఉన్న కుక్క ఇతర కుక్కలను దగ్గరికి రానివ్వకపోవచ్చు.

చాలా దేశాల్లో ఎవరైనా తమను తాము కుక్కల శిక్షకులుగా చెప్పుకోవచ్చు, లైసెన్సు అక్కర్లేదు. అందుకే మీరే గట్టిగా అడగాలి: కుక్క తప్పు చేస్తే సరిగ్గా ఏం చేస్తారు, మెడకు ఏం తొడుగుతారు, ప్రతి తరగతిలో నేను పక్కన ఉండవచ్చా? ఈ జవాబులను, డబ్బు వాపసు నిబంధనలతో సహా, ఒప్పందంలో రాయించుకోండి. ఒక ప్రాణి ప్రవర్తనకు నూరు శాతం హామీ ఇవ్వడమే అనుమానించదగిన విషయమని నా అభిప్రాయం.

మీ కుక్క ఇప్పటికే అలాంటి చోట ఉంటే, ముందుగా చెప్పకుండా వెళ్లి చూడండి. దవడ కిందా మెడ చుట్టూ బొచ్చు విడదీసి పరిశీలించండి. గాట్లు, పుండ్లు కనబడితే తేదీ పడేలా ఫొటోలు తీసి, అదే రోజు పశువైద్యుడి నుంచి లిఖితపూర్వక నివేదిక తీసుకోండి. కొన్ని రోజులు ఆలస్యమైతే, ఆ గాయం మీ ఇంట్లోనే అయ్యిందని కేంద్రం వారు వాదించడానికి వీలు దొరుకుతుంది.