జానపదానికి అవార్డు: అన్నీ ఒకే గాటన కట్టాలా, సంప్రదాయాన్ని విడిగా చూడాలా?

విశాఖలో జానపద పోటీలు జరిగినప్పుడల్లా పాడేవాళ్లూ వినేవాళ్లూ నన్ను అడిగేది ఇదే. జానపదమంతటికీ ఒకే అవార్డు చాలా, సంప్రదాయ జానపదానికి వేరే ఉండాలా?

అమెరికాలో సంగీతానికిచ్చే గ్రామీ అవార్డుల వాళ్లు రెండూ చేసి చూశారు. 1987 నుంచి 2011 దాకా సంప్రదాయ జానపదానికీ సమకాలీన జానపదానికీ వేర్వేరు అవార్డులిచ్చారు. మొత్తం విభాగాలను 109 నుంచి 78కి తగ్గించినప్పుడు ఈ రెండింటినీ కలిపేశారు. విడిగా ఇచ్చిన ఆఖరి ఏడాది సంప్రదాయ అవార్డు కరోలినా చాకొలెట్ డ్రాప్స్‌ది. నార్త్ కరోలినాలో జో థాంప్సన్ అనే పెద్దాయన ఇంటికెళ్లి, ఆయన ఫిడేలు బాణీలు నేర్చుకున్న బృందం అది. కలిపాక 2012లో గెలిచింది సొంతంగా పాటలు రాసుకునే సివిల్ వార్స్ జంట. 2018లో రాక్‌లో పేరు తెచ్చుకున్న ఎయిమీ మన్. అయితే 2022లో ఆ డ్రాప్స్ బృందంలో ఒకప్పుడు పాడిన రియానన్ గిడెన్స్ కూడా గెలిచింది. కాబట్టి ఒకే విభాగమైతే పాత పాటకు దారి పూర్తిగా మూసుకుపోతుందనలేం. కొత్త పాటల సరసన నిలబడితే పాత పాటకు శ్రోతలు పెరుగుతారన్న మాటలోనూ బలముంది.

అయినా విడిగా ఉండాలనే నేనంటాను. నా లెక్కలో తేల్చేది ఒక్కటే, పాట ఎలా వచ్చిందన్నది. గుండెకు రేకు తప్పెట కట్టుకుని, గజ్జెల కాళ్లతో ఎగురుతూ పాడే తప్పెటగుళ్ల బృందానికి పాట పెద్దల నోటి నుంచి వస్తుంది. జముకుల కథ చెప్పేవారు ఎదురుగా కూర్చున్న జనాన్ని బట్టి కథను సాగదీస్తారు, కుదిస్తారు. దరఖాస్తులో ‘రచయిత’ అన్న గడిలో వీళ్లేం రాయాలి? ఖాళీగా వదిలేస్తే, స్టూడియోలో బీటు జోడించినవాళ్లే ఆ గడిలోకి వచ్చి కూర్చుంటారు. పైగా శ్రుతి సరిచేసిన రికార్డింగు పక్కన వినిపిస్తే, న్యాయనిర్ణేతల చెవి ఆ నునుపుకే పోతుంది.

వాయిద్యాలను చూసి గీత గీయడం మాత్రం తప్పు. గిరిజనుల థింసా నాట్యంలో వినిపించే తుడుము, కిరిడి, మోరి మోగించినంత మాత్రాన నిన్న రాసిన పాట సంప్రదాయమైపోదు. కీబోర్డు తగిలినంత మాత్రాన పాత పాట కొత్తదీ కాదు. చిక్కంతా వంగపండు ప్రసాదరావు దగ్గరే. ఆయన కట్టిన పాటలను ఉత్తరాంధ్ర జనం సొంతం చేసుకుని పాడుకుంటున్నారు. నేనైతే వాటిని సమకాలీనంలోనే ఉంచుతాను. కట్టిన మనిషి పేరు నిలవాలి కదా.

మనిషి సాధనను చూసి ఇచ్చే సంగీత నాటక అకాడమీ పురస్కారం మంచిదే, కానీ ఊళ్లో పోటీకి అది నమూనా కాదు. సినిమా అవార్డుల సంగతికొస్తే, కేరళలోని అట్టప్పాడికి చెందిన ఇరుళ గిరిజన గాయని నంజియమ్మకు జాతీయ పురస్కారం రావడం గొప్ప విషయం, అరుదైన విషయం కూడా.

ఇక్కడ పోటీలు పెట్టేవాళ్లకు నేను చెప్పేది: సంప్రదాయ విభాగపు దరఖాస్తులో ‘రచయిత’ గడి తీసేయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో పాడతారు అని అడగండి. నేర్పినవారు బతికుంటే వేదిక మీదికి వాళ్లనూ పిలవండి, బహుమతి డబ్బులో వాటా ఇవ్వండి.