రోబ్లాక్స్ కొత్త నియమాలు: ఒకే ఫోను ఉన్న ఇంట్లో ఎన్ని పనికొస్తాయి?

రోబ్లాక్స్‌ను ఆట అనడం కన్నా ఆటల తిరనాళ్ల అనడం నయం. 2006లో మొదలైన ఈ ఊహాలోకంలో కంపెనీ సొంతంగా కట్టే ఆటలు దాదాపు ఉండవు, అన్నీ వాడేవాళ్లు కట్టి పెట్టినవే. 2025 మూడో త్రైమాసికంలో రోజుకు సగటున 15 కోట్ల మంది ఇందులోకి వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు కూడా బడి వదిలాక గుంటల చేతికి ఫోను అందితే చాలు, చాలా ఇళ్లలో ముందు తెరుచుకునేది ఇదే. 2024 చివరి నుంచి కంపెనీ ఒకదాని వెనక ఒకటి నియమాలు మారుస్తూ వస్తోంది. ఇక్కడ చూసేది ఆటలు ఎలా ఉన్నాయని కాదు, ఆ మార్పులు మన ఇళ్లలో ఎలా నడుస్తున్నాయని.

మార్పుల్లో ఎక్కువ భాగం మంచివే. చిక్కల్లా ఒక్కటే. ప్రతి పిల్లాడికీ విడిగా ఒక ఫోను, విడిగా ఒక మెయిలు, నిజమైన పుట్టినతేదీ ఉంటాయనుకుని రాసిన నియమాలివి. మన దగ్గర ఫోను అమ్మది, మెయిలు ఫోను కొన్నరోజు దుకాణంలో కుర్రాడు తెరిచి ఇచ్చినది. పుట్టినతేదీ సంగతి చెప్పనే అక్కర్లేదు. చిన్నపిల్లల ఖాతా అని తెలిస్తే చాట్ ఉండదని పిల్లలకు ఎప్పుడో తెలిసిపోయింది కాబట్టి, సంవత్సరాల చక్రాన్ని గట్టిగా ఒక్క తోపు తోసి ఎక్కడ ఆగితే అక్కడ నొక్కేస్తారు. మూడో తరగతి పిల్లాడు 1991లో పుట్టినవాడిగా తిరుగుతుంటాడు. కింద చెప్పే సెట్టింగులన్నీ ఆ తేదీ మీదే ఆధారపడ్డాయి. అది తప్పయితే మిగతావన్నీ దండగ. సెట్టింగ్స్‌లో అకౌంట్ ఇన్ఫో తెరిచి ముందు ఆ ఒక్క గడి చూడండి.

ముఖం చూసి వయసు కట్టడం

అన్నిటికన్నా ఎక్కువ గొడవ రేపిన మార్పు ఇది. 2025 నవంబరులో ప్రకటించారు, డిసెంబరులో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నెదర్లాండ్స్‌లో అమలు మొదలుపెట్టారు, 2026 జనవరిలో మిగతా దేశాలకూ తెచ్చారు. చాట్ కావాలంటే కెమెరాకు ముఖం చూపించాలి, లేదా గుర్తింపు కార్డు పెట్టాలి. ముఖం చూసి ఖాతాను ఆరు గుంపుల్లో ఒకదాంట్లో వేస్తారు: 9 లోపు, 9–12, 13–15, 16–17, 18–20, 21 పైన. ఎవరైనా తమ గుంపుతోనూ, దానికి ఆనుకుని ఉన్న గుంపులతోనూ మాత్రమే మాట్లాడగలరు. 9 లోపు వాళ్లకు అమ్మానాన్నలు ఒప్పుకుంటే తప్ప చాట్ ఉండదు.

తనిఖీ చెయ్యడం కష్టమేం కాదు. యాప్‌కు కెమెరా అనుమతి ఇచ్చి, తెర మీద కనిపించే వలయంలో ముఖం పట్టేలా ఫోను నిలిపి, చెప్పినప్పుడు తల అటూ ఇటూ తిప్పాలి. పెర్సోనా అనే సంస్థ ఈ పని చేసిపెడుతుంది. వయసు అంచనా అయ్యాక చిత్రాలు తీసేస్తామని రోబ్లాక్స్ చెబుతోంది.

తప్పేది ఎక్కడంటే, ముందుగా వెలుతురు దగ్గర. వెలుతురు ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. పగటిపూట గుమ్మంలో బయటివైపు తిరిగి కూర్చోబెడితే సరిపోతుంది. రాత్రి కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బల్బు కింద చేస్తే తిప్పికొడుతుంది. టోపీ, మాస్కు తియ్యాలి. ముందు కెమెరా అద్దం మీద నూనె వేళ్ల మరక ఉంటే తుడవాలి. పక్కనుంచి తమ్ముడో చెల్లో ముఖం దూర్చకుండా చూడాలి. ఇవన్నీ సరిచూసుకున్నా అంచనా అంచనాయే. పన్నెండేళ్ల పిల్లను పద్నాలుగు అనడానికి అవకాశం ఉంది, మీసం రాని ఇరవయ్యేళ్ల కుర్రాణ్ని పదహారు అనడానికీ ఉంది.

ఇంతకన్నా పెద్ద తప్పు మనుషులు చేసేది. పిల్లాడు విసిగిస్తుంటే అమ్మో అన్నయ్యో తమ ముఖం చూపించి వదిలించుకుంటారు. అలా చేయగానే ఆ పిల్లాడి ఖాతా 21 పైన గుంపులో పడుతుంది. దాంతో ఏమవుతుందో చూడండి: వాడి ఈడు పిల్లలతో మాట పోతుంది, పెద్దవాళ్లైన పరాయివాళ్లతో మాట తెరుచుకుంటుంది. ఏ ప్రమాదం నుంచి కాపాడ్డానికి ఈ నియమం పెట్టారో సరిగ్గా దాన్నే ఇంట్లోవాళ్లు చేతులారా తెచ్చిపెట్టినట్టు. ఇలా జరుగుతున్న మాట కంపెనీ కూడా ఒప్పుకుంది. ఇప్పటికే అయిపోయి ఉంటే, తల్లిదండ్రుల ఖాతాను జతచేసి అక్కణ్నుంచి పిల్లాడి వయసు దిద్దాలి. 13 దాటినవాళ్లయితే గుర్తింపు కార్డుతో సరిచేసుకోవచ్చు. కొత్తగా చేసేవాళ్లు పిల్లాడి ముఖంతోనే చేయించండి. పాత తప్పుడు తేదీ కూడా అక్కడే సర్దుకుంటుంది.

పిల్లల మాట వేరు. 'చాట్ లేకపోతే అది ఆటేటి?' అంటారు. జట్టుగా ఆడే ఆటల్లో ఆ మాట నిజమే. ఒకే వీధి పిల్లలు, ఒకడికి 12, ఇంకొకడికి 16, మధ్యలో ఒక గుంపు అడ్డం వచ్చి మాట తెగిపోతుంది. 13 దాటినవాళ్లకు ట్రస్టెడ్ కనెక్షన్ అనే దారి ఉంది, నిజంగా ఎరిగినవాళ్లను క్యూఆర్ కోడ్ చూపించి కలుపుకోవచ్చు. పన్నెండేళ్లవాడికి ఆ దారి లేదు. ఆనుకున్న గుంపులతోనే మాట అన్న ఆలోచన గట్టిది. దాన్ని ఒక్క కెమెరా అంచనా మీద నిలబెట్టడమే బలహీనత. నియమం వచ్చిన కొద్ది రోజులకే వయసు తనిఖీ అయిపోయిన ఖాతాలు బయట అమ్మకానికి వచ్చాయి.

నాన్న ఊళ్లో లేని ఇల్లు

2024 నవంబరులో వచ్చిన పేరెంటల్ కంట్రోల్స్ ఈ మార్పులన్నిటిలో మేలైనది. అంతకుముందు పిల్లాడి ఫోను చేతికి తీసుకుని పిన్ కొట్టాల్సి వచ్చేది. ఇప్పుడు దూరంనుంచి తమ ఫోనులోనే చెయ్యొచ్చు. శ్రీకాకుళం జిల్లాకు ఇది ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. నాన్న చెన్నైలోనో హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో, పిల్లలు అమ్మమ్మ దగ్గర. అమ్మమ్మకు సెట్టింగులు చేతకాకపోయినా, నాన్న అక్కణ్నుంచే రోజుకు ఎంతసేపు ఆడాలో పెట్టొచ్చు, నెలకు ఎంత ఖర్చు చెయ్యొచ్చో గీత గియ్యొచ్చు, ఎవరెవరితో స్నేహం ఉందో చూడొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి ఫలానా ఆటను, ఫలానా స్నేహితుణ్ని ఆపేయడం, వారంలో ఎక్కువ సమయం పోయిన 20 ఆటల పట్టీ చూడడం కూడా వచ్చాయి.

జతచేసే పద్ధతి: పిల్లాడి ఖాతాలో సెట్టింగ్స్, పేరెంటల్ కంట్రోల్స్, యాడ్ పేరెంట్. అక్కడ పెద్దవాళ్ల మెయిలు ఇస్తే దానికి లింకు వస్తుంది. లింకు తెరిచి సొంత రోబ్లాక్స్ ఖాతా చేసుకుని, తాము పెద్దవాళ్లమని రుజువు చూపాలి. రుజువు రెండు రకాలు, క్రెడిట్ కార్డు లేదా ప్రభుత్వ గుర్తింపు కార్డు. మన దగ్గర ఎక్కువ మందికి ఉండేది డెబిట్ కార్డే కాబట్టి డ్రైవింగ్ లైసెన్సో పాస్‌పోర్టో దగ్గర పెట్టుకుని కూర్చోండి. అట్ట మీద మెరుపు పడకుండా నాలుగు మూలలూ కనిపించేలా ఫొటో తీస్తే ఒక్కసారికే అయిపోతుంది.

ఇక్కడ కూడా ఉమ్మడి ఫోనే దెబ్బ కొడుతుంది. లింకు వచ్చిన మెయిలు పిల్లాడు ఆడే ఫోనులోనే ఉంటే, ఒప్పుకునే బొత్తం కూడా వాడే నొక్కుతాడు. కాబట్టి జతచేసే మెయిలు వేరే ఫోనుది కావాలి, దూరాన ఉన్న నాన్నదైతే ఇంకా మంచిది. పాస్‌వర్డు ఇంటి ఫోను క్రోమ్‌లో సేవ్ కానివ్వొద్దు. ఇంకో సంగతి, రోజువారీ సమయం ఖాతాకు గీసిన గీతే తప్ప ఫోనుకు కాదు. గంట అయిపోగానే రెండో ఖాతాతో మళ్లీ లోపలికి వెళ్తారు. సిరిమానోత్సవానికి విజయనగరం చేరిన మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు ఒకే ఫోను చుట్టూ కూర్చున్నప్పుడైతే ఎవరి గంట ఎవరిదో దేవుడికే తెలియాలి. ఫోను మొత్తానికి హద్దు కావాలంటే పిల్లల ఫోను వాడకానికి హద్దు పెట్టే గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ విడిగా పెట్టుకోవాల్సిందే.

అదే 2024 నవంబరులో 13 లోపు వాళ్లకు ఆటల బయట నేరుగా సందేశాలు పంపుకునే వీలు తీసేశారు. ఆటలకు తేలిక నుంచి ఘాటు దాకా వరసగా మినిమల్, మైల్డ్, మోడరేట్, రిస్ట్రిక్టెడ్ అని గుర్తులు వచ్చాయి. 9 లోపు వాళ్లకు మామూలుగా మొదటి రెండే తెరుచుకుంటాయి. గుర్తు చూసి నిశ్చింతగా ఉండిపోకండి. ఆట కట్టినవాడు ప్రశ్నలకు ఇచ్చుకున్న జవాబుల నుంచి వచ్చే గుర్తు అది. కొత్త ఆటైతే పది నిమిషాలు పక్కన కూర్చుని చూడడమే మేలు.

భాష సంగతి ఒక్క ముక్క. 2024 ఫిబ్రవరిలో చాట్‌ను అప్పటికప్పుడు అనువదించే సదుపాయం 16 భాషల్లో తెచ్చారు. థాయ్, వియత్నామీస్ ఉన్నాయి, తెలుగు లేదు, హిందీ కూడా లేదు.

డబ్బులు

2016లో టిక్స్ అనే ఉచిత నాణేలు తీసేసినప్పటి నుంచి ఉన్న గొణుగుడు ఇప్పటికీ ఆగలేదు. అప్పట్లో రోజూ లాగిన్ అయితే ఉచితంగా 10 టిక్స్ వచ్చేవి, ఇప్పుడున్నది రోబ్లాక్స్ లోపల చెల్లే రోబక్స్ ఒక్కటే, అది కొనుక్కోవాలి. కొనేటప్పుడు యాప్‌లో కొనకండి. 2024 నుంచి వెబ్‌సైటులో, గిఫ్ట్ కార్డుల మీద 25 శాతం దాకా ఎక్కువ ఇస్తున్నారు. 4.99 డాలర్ల ప్యాకుకు యాప్‌లో 400 రోబక్స్, వెబ్‌లో 500. అదే ఫోనులో బ్రౌజరు తెరిచి లాగిన్ అయినా వెబ్ లెక్కే. యాప్‌స్టోర్ల కమీషన్ తప్పితే అందులో కొంత మనకు పంచుతున్నట్టు. ఈ మార్పును తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు.

యూపీఐ ఉన్న ఫోనే పిల్లాడు ఆడే ఫోను కూడా అయితే ప్లేస్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో పర్చేజ్ వెరిఫికేషన్ ప్రతిసారీ అడిగేలా పెట్టండి. పొరపాటున కొన్నది వెనక్కి కావాలంటే వెంటనే గూగుల్ ప్లేలోనే రీఫండ్ అడగాలి. రోబక్స్ ఖర్చుపెట్టేశాక బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు లాక్కుంటే ఖాతా మూతపడొచ్చు. సగం ధరకు రోబక్స్ అంటూ టెలిగ్రామ్‌లో తిరిగే బేరాల జోలికి అసలు వెళ్లొద్దు. వాటిలో చాలావరకు బ్రౌజరులో ఏదో అతికించమంటాయి. అతికిస్తే లాగిన్ కుకీ, అంటే మనం లాగిన్ అయి ఉన్నామని బ్రౌజరు దాచుకునే గుర్తు, పోతుంది, పాస్‌వర్డు అడక్కుండానే ఖాతా వాళ్ల చేతికి వెళ్తుంది. అలా జరిగితే సెక్యూరిటీలోకి వెళ్లి మిగతా సెషన్లన్నీ లాగౌట్ చేసి, పాస్‌వర్డు మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టాలి.

ఆటలు కట్టే కుర్రాళ్ల లెక్క

రాజాం, విజయనగరం, ఎచ్చెర్ల వైపు ఇంజనీరింగ్ చదువుతూ ఆటలు కట్టే సాఫ్ట్‌వేర్ రోబ్లాక్స్ స్టూడియోలో లువావు అనే ప్రోగ్రామింగ్ భాష రాసే కుర్రాళ్లకు మార్పులు ఇంకోలా తగిలాయి. 2022 మార్చిలో 6 సెకన్లు దాటిన శబ్దాలన్నీ ప్రైవేట్ అయిపోయాయి. ఎవరో ఎక్కించిన పాటను వాడుకున్న ఆటలు ఒక్కరోజులో మూగబోయాయి. ఇప్పుడు పాట మనమే ఎక్కించాలి, ఆపైన ఆ ఆటకు అనుమతి ఇవ్వాలి. అవుట్‌పుట్ కిటికీలో అనుమతి లేదన్న ఎర్ర వరస కనిపిస్తే క్రియేటర్ డాష్‌బోర్డులో ఆ శబ్దం తెరిచి, పర్మిషన్స్‌లో ఆట ఐడీ చేర్చండి. ఆట గ్రూపు పేరు మీద ఉంటే శబ్దం కూడా గ్రూపు నుంచే ఎక్కించండి, సగం తలనొప్పి తగ్గుతుంది. సినిమా పాట మాత్రం వద్దు, హక్కుల ఫిర్యాదు వస్తే ఖాతాకే మచ్చ. తప్పెటగుళ్ల దరువు సొంతంగా రికార్డు చేసుకుని నాలుగైదు సెకన్ల ముక్కగా తిప్పితే అడిగేవాడుండడు, వినడానికీ కొత్తగా ఉంటుంది.

సంపాదన సంగతి. ఆటలో అదనపు సదుపాయం తెరిచే గేమ్ పాస్ 100 రోబక్స్‌కు అమ్మితే చేతికి 70. రోబక్స్‌ను డాలర్లుగా మార్చే కంపెనీ పథకం డెవ్‌ఎక్స్ ద్వారా డబ్బుగా మార్చాలంటే కనీసం 30,000 సంపాదించిన రోబక్స్ ఉండాలి, కొన్నవి లెక్కలోకి రావు. అంటే అలాంటి పాసులు 429 అమ్ముడుపోవాలి. 2025 సెప్టెంబరు 5 నుంచి ఒక్కో రోబక్స్‌కు 0.0038 డాలర్లు కడుతున్నారు. అంతకుముందు 0.0035. ఆ 30,000కు 105 వచ్చేచోట 114 డాలర్లు వస్తున్నాయి. పెంపు మంచిదే, కానీ కింద ఉన్నవాడికి అడ్డం పడేది రేటు కాదు, ఆ 30,000 గడప. దాన్ని ముట్టుకోలేదు. చాట్ తనిఖీ వచ్చాక చాట్ మీద నడిచే ఆటల్లో సందడి తగ్గిందని కట్టేవాళ్లు అంటున్నారు. అందుకని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాట లేకపోయినా నడిచే ఆట కట్టుకోవడం తెలివైన పని. తోట పెంచేవి, కొండ ఎక్కేవి అలాంటివే.

డబ్బు తీసుకునే ముందు అమెరికా పన్ను కోసం విదేశీయులు ఇచ్చే డబ్ల్యూ-8బెన్ పత్రం నింపాలి. అందులో పేరు పాన్ కార్డు మీద, బ్యాంకు పాసుపుస్తకంలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే అక్కడే ఆగిపోతుంది. డాలర్లు వచ్చినప్పుడు బ్రాంచిలో పర్పస్ కోడ్, అంటే ఆ డబ్బు ఎందుకు వచ్చిందో చెప్పే అంకె, అడుగుతారు. ఆటలో గెలిచిన డబ్బు అని మాత్రం చెప్పొద్దు, సాఫ్ట్‌వేర్ పనికి వచ్చిన సొమ్ము అని చెప్పి, డెవ్‌ఎక్స్ మంజూరు మెయిలు ప్రింటు తీసి ఇవ్వండి.