‘టఫెన్డ్ గ్లాస్’ అని బిగించిన కిటికీలు: బ్యాలెన్స్ ఇచ్చే ముందు అద్దం మూల చూడండి

గుంటూరులో కొత్త ఫ్లాట్లకు యూపీవీసీ కిటికీలు పెట్టించుకుంటున్న వాళ్ల కోసం ఇది. టఫెన్డ్ అని చెప్పి మామూలు అద్దం బిగించిన షాపుతో మా గొడవ ఇంకా తేలలేదు, కాబట్టి దాని పేరు రాయడం లేదు.

మాది గోరంట్ల వైపు, మూడో అంతస్తు. హాల్లోంచి బాల్కనీకి నిలువెత్తు స్లైడింగ్ డోరు, పిల్లల గదిలో దాదాపు నేల దాకా దిగే కిటికీ. కొటేషన్‌లో ‘5 ఎంఎం టఫెన్డ్’ (వేడితో గట్టిపరిచిన అద్దం, పగిలినా పదునైన పెంకులు కాకుండా చిన్న పలుకులుగా రాలేది) అని స్పష్టంగా ఉంది, రేటూ దానికి తగ్గట్టే వేశారు. షోరూంలో ఓ ముక్కను సుత్తితో కొట్టి మరీ చూపించారు. (ఆ ముక్క టఫెన్డే లెండి. మనింటికి వచ్చేది వేరు.)

బిగించే రోజు పిల్లల గది అద్దం ఫ్రేములో పట్టలేదు. పనికొచ్చిన కుర్రాడు సంచిలోంచి కట్టర్ తీసి, గీత గీసి, అంచును నీటుగా విరిచేశాడు. గుట్టు అక్కడే బయటపడింది. టఫెన్డ్ గ్లాసును అలా ఎవరూ కోయలేరు. కొలతకు కోయడం, అంచులు నూరడం, రంధ్రాలు వేయడం అన్నీ ముందే అయిపోవాలి. ఆ తర్వాతే దాన్ని 600 డిగ్రీలకు పైగా వేడిచేసి, గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. ఇక ఆ పైన కట్టర్ పెడితే అద్దం మొత్తం పలుకులుగా రాలిపోతుంది. నీటుగా తెగిందంటే అది మామూలు అద్దమే.

ఓనరుకు ఫోన్ చేస్తే “అదొక్కటే మారి వచ్చిందండీ, మిగతావన్నీ టఫెన్డే” అన్నాడు. మిగతావి చూశాం. కొన్నింటికి స్టిక్కర్ ఉంది, గోటితో గీకితే ఊడొచ్చింది. అసలు మార్కు అద్దం మూలన చెరిగిపోకుండా ఉంటుంది. అందులో ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే నంబరు, సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్స్ నంబరు వెతకండి. లైసెన్స్ నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అది ఎవరిదో, అసలు నడుస్తోందో లేదో తెలుస్తుంది. సేఫ్టీ గ్లాస్‌కు (టఫెన్డ్ కూడా అందులోదే) ఈ మార్కు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2020లోనే ఉత్తర్వు తెచ్చింది.

పోలరైజ్డ్ కళ్లజోడు పెట్టుకుని ఏటవాలుగా చూస్తే టఫెన్డ్ మీద నల్లటి మచ్చలో చారలో కనిపిస్తాయి. మా బావమరిది జోడుతో చూస్తే బాల్కనీ డోరు మీద కూడా ఏమీ లేవు. అయినా ఇది అనుమానం తీర్చుకోవడానికే, షాపువాడి ముందు నిలబడేది మార్కే.

“గ్రిల్ ఉంది కదండీ, భయమెందుకు?” అన్నది వాళ్ల తర్వాతి మాట. గ్రిల్ మనిషిని కింద పడనివ్వదు, నిజమే. పగిలిన అద్దం పెంకు చెయ్యి కోయకుండా ఆపుతుందా? తలుపులకు, నేల నుంచి 75 సెంటీమీటర్ల లోపే మొదలయ్యే కిటికీలకు, అంటే మనిషి వచ్చి తగిలే చోట్ల, నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 సేఫ్టీ గ్లాసే పెట్టమంటుంది. అది టఫెన్డ్ కావచ్చు, లామినేటెడ్ కావచ్చు. పై అంతస్తులకు నా ఓటు లామినేటెడ్‌కే. టఫెన్డ్ పగిలితే ముక్కలన్నీ కింద నడిచేవాళ్ల మీద పడతాయి. లామినేటెడ్ అయితే మధ్యలోని ప్లాస్టిక్ పొర వాటిని పట్టి ఉంచుతుంది. పైగా అద్దంలో నికెల్ సల్ఫైడ్ నలక ఉంటే టఫెన్డ్ ఎవరూ తాకకుండానే పగిలిపోవచ్చు. ఈ సంగతి అమ్మేవాళ్లెవరూ చెప్పరు.

ఇంకో తిరకాసు బిల్లులో ఉంది. కొటేషన్‌లో ఉన్న ‘టఫెన్డ్’ బిల్లుకొచ్చేసరికి మాయమై ‘గ్లాస్ 5 ఎంఎం’ మాత్రమే మిగిలింది. ఆ కొటేషన్ కాగితం, కోస్తుండగా తీసిన వీడియో, బ్యాలెన్స్ డబ్బు మా చేతిలో ఉండబట్టే మాట్లాడగలుగుతున్నాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాక బాల్కనీ డోరుకు మార్కున్న అద్దం వచ్చింది. పిల్లల గదిది ఇంకా రావాలి.

కిటికీలు బిల్డరే పెట్టించి ఇస్తే షాపు చుట్టూ తిరగకండి, బిల్డర్‌కే రాతపూర్వకంగా ఇవ్వండి. ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణ కోసం ఉన్న రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు పనిలో, నాణ్యతలో లోపం చూపిస్తే 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాల్సింది అతనే.