లినక్స్ కెర్నెల్ విడుదలలు: మెయిన్‌లైన్, స్టేబుల్, ఎల్‌టీఎస్ మూడూ ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తాను. లినక్స్ కెర్నెల్‌లో ‘స్టేబుల్’ అన్న పేరు చూసి కళ్లు మూసుకుని నమ్మకూడదు, ‘ఆర్‌సీ’ అన్న పేరు చూసి హడలిపోనక్కర్లేదు. పని చేసుకునే లాప్‌టాప్‌లో మెయిన్‌లైన్, సర్వర్లలో ఎల్‌టీఎస్ చాలాకాలంగా నడిపాక మిగిలిన అభిప్రాయం ఇది. కెర్నెల్ అంటే హార్డ్‌వేర్‌నీ ప్రోగ్రామ్‌లనీ కలిపి నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. మెయిన్‌లైన్ అంటే కొత్త పనంతా ముందు చేరే ప్రధాన శాఖ, స్టేబుల్ అంటే విడుదలైన వెర్షన్‌కి ఫిక్స్‌లు చేర్చే శాఖ, ఎల్‌టీఎస్ అంటే అలా ఏళ్ల తరబడి ఫిక్స్‌లు అందుకునే స్టేబుల్, ఆర్‌సీ అంటే విడుదలకు ముందు పరీక్షకు వదిలే కూర్పు.

పద్ధతి సూటిగానే ఉంటుంది. ఒక వెర్షన్ విడుదల కాగానే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ రెండు వారాలు మెర్జ్ విండో (కొత్త కోడ్ కలుపుకునే గడువు) తెరుస్తారు. నెట్‌వర్కింగ్, ఫైల్ సిస్టమ్‌లు, గ్రాఫిక్స్ వంటి సబ్‌సిస్టమ్‌ల మెయింటెయినర్లు తమ ట్రీలలో (సొంత కోడ్ కాపీలలో) పోగుచేసిన కొత్త పనిని ఆయనకు పంపుతారు. రెండు వారాల తర్వాతి ఆదివారం ఆర్‌సీ1 వస్తుంది. అక్కడి నుంచి కొత్త ఫీచర్లు ఆగిపోయి, ప్రతి ఆదివారం ఒక ఆర్‌సీ చొప్పున బగ్ ఫిక్స్‌లే వస్తాయి. మామూలుగా ఆర్‌సీ7 తర్వాత, ఇంకా తేడాగా అనిపిస్తే ఆర్‌సీ8 తర్వాత అసలు వెర్షన్. 6.7 వచ్చింది 2024 జనవరి 7న, 6.8 వచ్చింది మార్చి 10న. సరిగ్గా తొమ్మిది వారాలు.

పాత రోజుల్లో సరి సంఖ్య స్థిరమైనది, బేసి సంఖ్య ప్రయోగాలకు. 2.4 వచ్చింది 2001 జనవరిలో, 2.6 వచ్చేసరికి 2003 డిసెంబర్. మధ్యలో దాదాపు మూడేళ్లు 2.5లోని కొత్త పని కోసం ఎదురుచూడలేక డిస్ట్రోలు (డెబియన్ వంటి లినక్స్ పంపిణీలు) ముక్కలు ముక్కలుగా తెచ్చి తమ 2.4లో అతికించుకునేవి. ఇప్పటి పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఈ తొందర పోవడమే. ఈ బస్సు తప్పితే ఇంకో పది వారాల్లో మరొకటి ఉందని తెలిసినప్పుడు సగం ఉడికిన డ్రైవర్‌ని ఎవరూ బలవంతంగా లోపలికి తోయరు. పైగా మెర్జ్ విండోకు ముందే అందరి ట్రీలనూ లినక్స్-నెక్స్ట్‌లో కలిపి చూస్తారు కాబట్టి గొడవలు చాలావరకు అక్కడే బయటపడతాయి. వెర్షన్ మొదటి అంకెకు మాత్రం అర్థమేమీ లేదు. 3.19 తర్వాత 4.0, 4.20 తర్వాత 5.0, 5.19 తర్వాత 6.0 రావడానికి కారణం అంకె పెద్దదైపోవడమే.

ఆర్‌సీ1 ఒక్కటి మాత్రం డేటా ఉన్న మెషీన్‌లో పెట్టకండి. 2021లో 5.12-ఆర్‌సీ1లో స్వాప్ ఫైల్ (మెమరీ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) కోడ్ చెడిపోయింది. స్వాప్ ఫైల్ డిస్క్‌లో ఎక్కడుందో లెక్కలోకి తీసుకోకుండా రాయడంతో స్వాప్ పేజీలు ఫైల్ సిస్టమ్ మీద పడ్డాయి. స్వాప్‌కు విడిగా పార్టిషన్ ఉన్నవాళ్లకు ఏమీ కాలేదు. టోర్వాల్డ్స్ ఆ ట్యాగ్ (విడుదలకు పెట్టే పేరు) చివర ‘డోంట్‌యూజ్’ అని తగిలించి, ఆర్‌సీ2ను రెండు రోజులు ముందుగా శుక్రవారమే వదిలారు. ట్యాగ్ పేరు మారినా కమిట్లు (ఒక్కొక్కటిగా నమోదైన మార్పులు) చరిత్రలో అలాగే ఉన్నాయి. ఇప్పటికీ ఆ ప్రాంతంలో బైసెక్ట్ (చరిత్రను సగానికి సగం చేస్తూ ఏ కమిట్‌తో పాడైందో వెతకడం) చేయాల్సి వస్తే ముందు స్వాప్ ఫైల్ ఆపేయండి. ఆర్‌సీ3, ఆర్‌సీ4 నుంచి లాప్‌టాప్‌లో నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇక స్టేబుల్ సంగతి. నియమాలు గట్టివే. ప్యాచ్ ముందు మెయిన్‌లైన్‌లో ఉండాలి, నిజంగా ఇబ్బంది పెట్టే బగ్‌నే సరిచేయాలి, చుట్టుపక్కల వరుసలతో కలిపి వంద వరుసలు దాటకూడదు. దాదాపు ప్రతివారం ఒక కట్ట తయారవుతుంది, రెండు రోజులు సమీక్షకు పెట్టి విడుదల చేస్తారు. కానీ ఒక్కో కట్టలో వందల ప్యాచ్‌లుంటాయి. ఎవరూ అడగకపోయినా ఆటోసెల్ అనే పరికరం ఏరి తెచ్చినవీ వాటిలో ఉంటాయి. ఇన్నింటిని రెండు రోజుల్లో మనుషులు చదివి తేలుస్తారంటే నేను నమ్మను. బూట్ అవుతుందా, టెస్టులు పాసవుతాయా అన్నంతవరకే.

బెడిసికొట్టేది ఎక్కువగా బ్యాక్‌పోర్ట్‌లోనే, అంటే కొత్త కోడ్‌కి రాసిన ఫిక్స్‌ని పాత వెర్షన్‌కి తేవడంలోనే. 6.1.64లో జరిగింది చూడండి. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో డైరెక్ట్ ఐఓకి (కాష్ లేకుండా నేరుగా డిస్క్‌తో చదవడం, రాయడం) సంబంధించిన ఒక ఫిక్స్ తెచ్చారు. అది ఆధారపడిన ఐఓమ్యాప్ (ఫైల్ సిస్టమ్‌లు పంచుకునే కోడ్) మార్పు మాత్రం 6.1లో లేదు. ఫైల్‌లో తర్వాత రాయాల్సిన చోటు లెక్క తప్పి డేటా చెడిపోయే పరిస్థితి వచ్చింది. మెయిన్‌లైన్‌లో రెండు మార్పులూ ఉన్నాయి కాబట్టి అక్కడ ఏ సమస్యా లేదు. డెబియన్ 12.3 విడుదల ఆగిపోయి, సరిచేసిన కెర్నెల్‌తో 2023 డిసెంబర్ 10న 12.4 వచ్చింది. అందుకే స్టోరేజ్ సర్వర్లలో కొత్త పాయింట్ రిలీజ్‌ని (6.1.64 వంటి మూడో అంకె విడుదలని) వచ్చినరోజే ఎక్కించను. సెక్యూరిటీ ఫిక్స్ అత్యవసరం కాకపోతే వారం ఆగి, తర్వాతి కట్టలో ఏవైనా రివర్ట్‌లు (వెనక్కి తీసుకున్న మార్పులు) ఉన్నాయేమో చేంజ్‌లాగ్‌లో చూస్తాను.

ఎల్‌టీఎస్ కాని స్టేబుల్ ఆయుష్షు చాలా తక్కువ. 6.8 వచ్చిన కొద్ది వారాలకే 6.7.12తో ఆ బ్రాంచ్ ముగిసింది. సర్వర్‌కి 6.1, 6.6, 6.12 వంటి ఎల్‌టీఎస్‌లలో ఏదో ఒకటి పట్టుకోవడమే మేలు. ఎల్‌టీఎస్‌లకూ విచిత్రమైన హద్దులుంటాయి. 2021లో 4.4, 4.9 బ్రాంచ్‌ల మూడో అంకె 255 దాటింది. వెర్షన్‌ని ఒకే సంఖ్యగా మార్చే కెర్నెల్ వెర్షన్ మాక్రోలో ఆ అంకెకు ఉన్నది ఎనిమిది బిట్లే కాబట్టి 4.4.256 అంటే లెక్కలో 4.5.0 అయిపోతుంది. వెర్షన్ చూసి కోడ్ మార్చుకునే బయటి మాడ్యూళ్లు (కెర్నెల్ ట్రీలో లేకుండా విడిగా బిల్డ్ చేసే డ్రైవర్లు వంటివి) గందరగోళపడతాయి. మాక్రోలో విలువను 255 దగ్గర ఆపేసి గట్టెక్కారు. యూనేమ్ కమాండ్ మాత్రం అసలు అంకెనే చూపిస్తుంది.

ఈ పద్ధతి అసలు విలువ తెలిసేది ఏదైనా పాడైనప్పుడే. మెయిన్‌లైన్‌లో ఒక్కో వెర్షన్‌కు పది నుంచి పదిహేను వేల కమిట్లుంటాయి, అయినా గిట్ (కోడ్ చరిత్రను భద్రపరిచే సాధనం) బైసెక్ట్ పద్నాలుగు మెట్లలోపే దోషిని పట్టిస్తుంది. 6.6.30 నుంచి 6.6.31కి మారాక పాడైతే ఇంకా సులువు, ఎనిమిది తొమ్మిది మెట్లు చాలు. 6.6.30 బాగుండి 6.8.1 పాడైతే మాత్రం రెండూ వేర్వేరు కొమ్మలు, గిట్ ముందుగా 6.6నే పరీక్షించమంటుంది. మీరే ముందు 6.6, 6.8 పరీక్షించి ఆ రెంటి మధ్య వెతకడం మంచిది. మధ్యలో బూట్ చేసిన కెర్నెల్ తన పేరు 6.6-ఆర్‌సీ3 అని చెబితే కంగారు పడకండి. సబ్‌సిస్టమ్ ట్రీలు పాత ఆర్‌సీల మీద మొదలవుతాయి, అందుకే పేరు వెనక్కి వెళ్తుంది.

బిల్డ్ విషయంలో మూడు జాగ్రత్తలు. షాలో క్లోన్‌తో (ఇటీవలి చరిత్ర మాత్రమే ఉన్న కాపీతో) బైసెక్ట్ నడవదు, కనీసం బాగున్న వెర్షన్ దాకా చరిత్ర దించుకోవాలి. డిస్ట్రో కాన్ఫిగ్‌ని (ఏయే భాగాలు బిల్డ్ చేయాలో చెప్పే ఫైల్‌ని) లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కమాండ్‌తో తగ్గిస్తే బిల్డ్ సమయం బాగా కలిసొస్తుంది, కానీ అప్పటికి లోడైన మాడ్యూళ్లే అందులో మిగులుతాయి. వాడే యూఎస్‌బీ పరికరాలన్నీ ముందే తగిలించి పెట్టండి. డీబగ్ సమాచారం ఆపకపోతే మాడ్యూళ్లు ఉబ్బిపోయి, నాలుగు బిల్డ్‌లకే బూట్ పార్టిషన్ నిండుతుంది.

బయటి మాడ్యూళ్ల మీద బతికేవాళ్లకు మెయిన్‌లైన్ నరకమే. కెర్నెల్ లోపలి ఏపీఐ (మాడ్యూళ్లు పిలుచుకునే ఫంక్షన్లు) స్థిరంగా ఉంటుందని ఎవరూ మాటివ్వరు, స్టేబుల్ బ్రాంచ్‌లోనూ ఇవ్వరు. వైఫై లేదా గ్రాఫిక్స్ డ్రైవర్ విడిగా బిల్డ్ చేసుకునేవాళ్లు ఎల్‌టీఎస్‌లోనే ఉండి, బూట్ మెనూలో పాత కెర్నెల్‌ని ఎప్పుడూ ఉంచుకోవాలి. బగ్ రిపోర్ట్ చేసేటప్పుడూ ఆ మాడ్యూళ్లు లేకుండా మళ్లీ చూపించమంటారు. బాగున్న వెర్షన్, పాడైన వెర్షన్, దోషి కమిట్ మూడూ ఇస్తే జవాబు త్వరగానే వస్తుంది. అయితే ఫిక్స్ ముందు మెయిన్‌లైన్‌కి చేరి, అక్కడి నుంచి మీ బ్రాంచ్‌కి దిగాలి. దానికి ఒకట్రెండు వారాలు పడుతుంది, ఈలోగా ఆ ఒక్క కమిట్‌ని మీ ట్రీలో రివర్ట్ చేసుకుని నడిపించుకోవచ్చు.