ఇల్లు మారుతూ కార్లో లాంగ్ జర్నీ: రాత్రికి రాత్రే వెళ్ళిపోవాలా, తెల్లారి బయల్దేరాలా, మధ్యలో ఆగాలా? ఏది మేలు?

ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరికి వెళ్ళిపోతున్నాం, దూరం ఓ 700, 800 కిలోమీటర్లు, సామాను లారీలో వెళ్తుంది, మనం మాత్రం పిల్లల్ని పెద్దవాళ్ళని ఎక్కించుకుని కార్లో వెళ్ళాలి అన్నప్పుడు ప్రతి ఇంట్లో ఇదే చర్చ. లారీ కదలగానే మనమూ బయల్దేరిపోతే తెల్లారేసరికి అక్కడుంటాం అని ఒకళ్ళు, వద్దు పొద్దున్నే ఐదింటికి లేచి ఒక్క రోజులో కొట్టేద్దాం అని ఇంకొకళ్ళు, ఎందుకంత హడావిడి మధ్యలో ఎక్కడో ఒక రాత్రి ఆగి వెళ్దాం అని మరొకళ్ళు. అందరూ కిలోమీటర్లు లెక్కేసుకునే మాట్లాడతారు. నన్నడిగితే కిలోమీటర్ల కంటే ముందు చూడాల్సింది స్టీరింగ్ పట్టుకునే మనిషి అంతకుముందు రెండు రాత్రులు ఎంతసేపు పడుకున్నాడు అన్నది. టూర్‌కి వెళ్ళేటప్పుడు హాయిగా రెస్ట్ తీసుకుని బయల్దేరతాం, ఇల్లు మారేటప్పుడు ఒళ్ళు హూనం అయ్యాక బయల్దేరతాం, అందుకే టూర్‌కి పనికొచ్చిన ప్లాన్ దీనికి పనికిరాదు.

ముందు రాత్రి ప్రయాణం సంగతి. దీనికి సపోర్ట్ చేసేవాళ్ళ మాటల్లో నిజం లేకపోలేదు. ట్రాఫిక్ తక్కువ, ఎండ ఉండదు, పిల్లలు ఎలాగూ నిద్రపోతారు కాబట్టి గోల ఉండదు, ఇంటి తాళాలు ఆరోజే ఓనర్‌కి ఇచ్చేయొచ్చు, రూమ్ ఖర్చు కూడా మిగులుతుంది. కానీ ఆ రోజు ఎలా గడుస్తుందో ఒకసారి ఆలోచించండి. పొద్దున ఆరింటికి లేచారు, అట్టపెట్టెలకి టేపులు వేయడం, మంచాలు విప్పించడం, ఏ పెట్టెలో ఏముందో మార్కర్‌తో రాసుకోవడం, లారీ వాళ్ళ వెంట మెట్లెక్కి దిగడం, లారీ కదిలేసరికి సాయంత్రం ఏడు, ఇల్లు ఊడ్చి కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీసి తాళాలు ఇచ్చేసరికి తొమ్మిది. అంటే రాత్రి పదకొండింటికి ఆ మనిషి మేలుకుని 17 గంటలు. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో ఇదే లెక్క ఇచ్చారు, 17 గంటలు ఏకధాటిగా మేలుకుని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుంది, 24 గంటలైతే దాదాపు 0.10 శాతం ఉన్నట్టు. చాలా దేశాల్లో 0.05 దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసే. మందు తాగి పిల్లల్ని కారెక్కించుకుంటా అంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు, నిద్రలేకుండా నడుపుతా అంటే మాత్రం పాపం కష్టపడుతున్నాడు అంటాం.

ఇంకోటి, తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్యలో శరీరం నిద్ర కోసం గుంజేస్తుంది, అది ఎంత అలవాటున్న డ్రైవర్‌కైనా తప్పదు. కళ్ళు తెరిచే ఉన్నట్టుంటాయి, మెదడు మాత్రం మూడు నాలుగు సెకన్లు ఆగిపోతుంది, దాన్నే మైక్రో స్లీప్ అంటారు. గంటకి 100 వేగంలో నాలుగు సెకన్లంటే 110 మీటర్లు, అంత దూరం కారుని ఎవరూ నడపడం లేదన్నమాట. అద్దం దించడం, పాటలు గట్టిగా పెట్టడం లాంటివి ఆ నిద్రని ఆపలేవు. కాఫీ కొంత పనిచేస్తుంది కానీ అది ఎక్కడానికే అరగంట దాకా పడుతుంది, అందుకని తాగేసి వెంటనే ఓ 15, 20 నిమిషాలు కారు సేఫ్ చోట ఆపి కునుకు తీస్తే ఆ రెండూ కలిసి కాసేపు కాపాడతాయి, అంతే, రాత్రంతా కాదు.

ఇల్లు మారే కారుకి మాత్రమే ఉండే ప్రాబ్లం ఇంకొకటుంది. డిక్కీ నిండా సామాను, వెనక సీట్లో ముగ్గురు, దాంతో కారు వెనక భాగం కిందికి దిగుతుంది, ముందు లైట్లు పైకి లేస్తాయి. మీకు రోడ్డు తక్కువ కనిపిస్తుంది, ఎదురొచ్చే వాళ్ళ కళ్ళు బైర్లు కమ్ముతాయి, వాళ్ళు కోపంతో మీ మీద హై బీమ్ కొడతారు. చాలా కార్లలో స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అంకెలతో ఒక చిన్న చక్రం ఉంటుంది చూడండి, కొన్నేళ్ళుగా కారు నడుపుతున్నవాళ్ళు కూడా దాన్ని ముట్టుకుని ఉండరు, అది దీనికోసమే. లోడ్ ఎక్కువైన కొద్దీ పెద్ద అంకెకి తిప్పితే లైట్లు కిందికి దిగుతాయి. అది సరిచేసుకున్నా సరే డిమ్ లైట్‌లో కనిపించేది తక్కువే, బ్రిటన్ హైవే కోడ్ ప్రకారం గంటకి 96 కిలోమీటర్ల వేగంలో కారు ఆగడానికే 73 మీటర్లు కావాలి, బ్రేక్ మీద కాలు పడేలోపు పోయే దూరం కూడా కలిపి. లోడ్ ఉన్న కారుకి ఇంకొంచెం ఎక్కువే అనుకోవాలి.

సరే ఇదంతా రిస్క్ సంగతి. అసలు రాత్రికి రాత్రే వెళ్తే కలిసొచ్చేదేంటి? నాకు కనిపించేది ఏమీ లేదు, ఎందుకంటే లారీ మన కారంత వేగంగా రాదు. 700 కిలోమీటర్లంటే దానికి ఒక రోజు పైనే పట్టొచ్చు, వేరేవాళ్ళ సామానుతో కలిపి వేసే లోడ్ అయితే ఇంకా కొన్ని రోజులు. మీరు తెల్లారి ఆరింటికి చేరితే అక్కడ ఉండేది నాలుగు గోడలు, పరుపు లేదు, కర్టెన్ లేదు, రాత్రంతా డ్రైవ్ చేసిన మనిషి పడుకోవడానికి చాప కూడా లారీలోనే ఉంది.

తెల్లవారుజామున బయల్దేరి ఒక్క రోజులో వెళ్ళడం దీనికంటే చాలా నయం. వెలుతురు ఉంటుంది, బండికి ఏమన్నా అయితే మెకానిక్ దొరుకుతాడు, తలనొప్పల్లా ఒక్కటే, ఆ ముందు రాత్రి ఎక్కడ పడుకుంటారు? మంచాలు లారీలో వెళ్ళిపోయాక ఖాళీ ఇంట్లో నేలమీద దుప్పటి వేసుకుని పడుకుంటే ఎవరికీ సరిగా నిద్రపట్టదు, పిల్లలు గది గదికీ తిరిగి అరిచి ప్రతిధ్వని విని నవ్వుకుంటుంటారు, పన్నెండయిపోతుంది. అందుకే ఈ ప్లాన్ వేసుకునేవాళ్ళు ఆ ఒక్క రాత్రికి చుట్టాలింటికో లాడ్జికో వెళ్ళిపోండి, లేదా కార్లో పట్టే పరుపు ఒకటి లారీ ఎక్కించకుండా ఉంచుకోండి. డ్రైవింగ్ టైమ్ ఎనిమిది గంటలలోపు ఉంటే నేను దీనికే ఓటు వేస్తా. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కూడా కాస్త మత్తుగా ఉంటుంది, తినగానే బండి తీయకుండా అప్పుడే ఒక పెద్ద బ్రేక్ పెట్టుకుంటే సరిపోతుంది.

ఎనిమిది గంటలు దాటితే మాత్రం మధ్యలో ఒక రాత్రి ఆగడమే కరెక్ట్. యూరప్‌లో లారీ డ్రైవర్లకి ఉన్న రూల్ చూడండి, నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాల్సిందే, రోజుకి మామూలుగా 9 గంటలు దాటకూడదు. అదే పనిగా బతికేవాళ్ళకే అంత లిమిట్ పెట్టారంటే, వారం రోజుల్నుంచి పెట్టెలు సర్దుతున్న మనకి ఇంకెంత తక్కువ ఉండాలి. మనతో వచ్చేవాళ్ళ వైపు నుంచి చూసినా అంతే. పసిపిల్లల్ని కారు సీట్లో ఒకేసారి రెండు గంటలకి మించి ఉంచొద్దంటారు, పుట్టి కొన్ని వారాలే అయితే అంతకంటే చాలా తక్కువ. పెద్దవాళ్ళ విషయంలో 2007లో వచ్చిన డబ్ల్యూహెచ్‌ఓ రిపోర్ట్ ఒకటుంది, నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుని ప్రయాణం చేస్తే కాళ్ళలో రక్తం గడ్డకట్టే రిస్క్ సుమారు రెట్టింపవుతుందని, అది ఫ్లైట్‌కే కాదు కారుకీ ట్రైన్‌కీ కూడా వర్తిస్తుంది. రెండు గంటలకోసారి తాతయ్యనీ నాన్నమ్మనీ దింపి పది అడుగులు వేయించడం టైమ్ వేస్ట్ కాదండీ. ఇలా ఆగుతూ వెళ్తే గూగుల్ మ్యాప్స్‌లో పది గంటలన్నది ఈజీగా పదమూడు అవుతుంది, ఆ లెక్క ముందే వేసుకుంటే ఒక్క రోజులో ఎందుకు కుదరదో అర్థమవుతుంది.

పెద్దవాళ్ళని, చిన్నపిల్లల్ని ట్రైన్‌లోనో ఫ్లైట్‌లోనో పంపి ఒకళ్ళే కారు తీసుకెళ్ళడం అనే ఆప్షన్ కూడా ఉంది. బానే ఉంటుంది కానీ అప్పుడు డ్రైవర్ పక్కన మాట్లాడే మనిషి ఉండరు, అలిసిపోయిన మొహం చూసి ఇక ఆపు అనేవాళ్ళు ఉండరు. నడపడం వచ్చిన ఇంకొకళ్ళు తోడుంటేనే ఇది చేయండి.

ఏ ప్లాన్ అయినా సరే, బయల్దేరే పొద్దున టైర్లు చల్లగా ఉండగానే గాలి చూపించండి. డ్రైవర్ డోర్ దగ్గర అతికించిన స్టిక్కర్ మీద చాలా కార్లకి ఫుల్ లోడ్‌కి విడిగా నంబర్ ఇచ్చి ఉంటారు, అది పెట్టించండి. బరువైనవి డిక్కీలో అడుగున, వెనక సీటుకి ఆనించి పెట్టాలి. వెనక అద్దం ముందు పలక మీద మాత్రం ఏమీ పెట్టకండి, సడన్ బ్రేక్ వేస్తే అవన్నీ వచ్చి పిల్లల తలలకే తగులుతాయి.

మరి ఓనర్ ఆరోజు సాయంత్రమే తాళాలు కావాలన్నాడు, ఇంట్లో ఉండే వీల్లేదు అంటే? అప్పుడు కూడా రాత్రంతా నడపక్కర్లేదు. ఊళ్ళోనే రూమ్ తీసుకోండి, లేదా ఇంకా ఓపిక ఉంటే గంట, గంటన్నర దూరం వెళ్ళి ఊరి ట్రాఫిక్ దాటాక హైవే పక్కన ఆగిపోండి, పొద్దున లేచేసరికి సిటీ రద్దీ వెనకే ఉండిపోతుంది కాబట్టి మిగతా దారి సాఫీగా సాగుతుంది. రూమ్ మాత్రం ముందే బుక్ చేసుకోండి, గేటు లోపల పార్కింగ్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, కార్లో సర్టిఫికెట్లు, నగలు ఉంటాయి కదా, వాటిని డిక్కీలో వదలకుండా రూమ్‌లోకి తీసుకెళ్ళిపోవాలి. ఆ రాత్రికి కావాల్సిన బట్టలు, మందులు, బ్రష్షులు, ఛార్జర్లు అన్నీ ఒకే బ్యాగులో సర్ది అన్నిటికంటే పైన పెట్టుకుంటే లాడ్జి ముందు డిక్కీ మొత్తం దించే పని ఉండదు.