రామప్ప నుంచి బొగత దాకా: ట్రక్ క్యాంపరా, చిన్న ట్రైలరా?

వానాకాలంలో ఒకసారి, దసరా తర్వాత మరోసారి, హనుమకొండలోని మా ఇంటి నుంచి ములుగు అడవుల వైపు రెండు రకాల బండ్లలో వెళ్లి వచ్చాము. మొదటిది పికప్ వెనుక తొట్టిలో అమర్చిన చిన్న గది, అంటే ట్రక్ క్యాంపర్. రెండోది మా కారు వెనుక తగిలించుకుని లాగిన చిన్న ట్రైలర్. వీటిలో ఒకదాన్ని కొనాలని చాలాకాలంగా అనుకుంటున్నాము కాబట్టి, డబ్బు పెట్టే ముందు రెండింటినీ అద్దెకు తీసుకుని మన రోడ్ల మీదనే చూడాలనుకున్నాము. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ రెండు ప్రయాణాల్లోనూ మాతోనే ఉంది.

క్యాంపర్‌తో మూడు రాత్రులు మూడు చోట్ల గడిపాము. జంగాలపల్లి దగ్గర జాతీయ రహదారి దిగి రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరి, మర్నాడు లక్నవరం, ఆ తర్వాత తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా గోదావరి దాటి వాజేడు వైపు బొగత జలపాతం దాకా వెళ్లాము. ఇలా పూటకో ఊరు మారే ప్రయాణానికి క్యాంపర్ ఎంత అనువైనదో మొదటి రోజే తెలిసింది. వెనుక లాగవలసినది ఏదీ లేదు కాబట్టి దారి తప్పితే అక్కడే బండి తిప్పుకోవచ్చు. ములుగు బజారులో కూరగాయల కోసం ఐదు నిమిషాలు ఆపినా ఎవరి దారికీ అడ్డం కాదు. వాన కురుస్తుండగా బొగత దారిలోని బురదలో కూడా నాలుగు చక్రాలకూ శక్తి అందే పికప్ కాబట్టి దిగులు లేకుండా పోయాము.

ఇబ్బంది ఎత్తుతో వచ్చింది. పల్లె సందుల్లో కిందికి వేలాడే కేబుల్ తీగలు, రోడ్డు మీదికి వంగిన చింత కొమ్మలు కనిపించినప్పుడల్లా ఒకరు దిగి పైకి చూస్తూ దారి చెప్పవలసి వచ్చింది. బరువంతా పైన ఉండటం వల్ల స్పీడ్ బ్రేకర్ల మీద బండి పక్కలకు ఊగేది. అన్నిటికంటే పెద్ద కష్టం మెట్లది. గది నేల నా నడుము ఎత్తున ఉంటుంది. నిచ్చెన లాంటి ఆ మెట్లు ఎక్కడానికి అమ్మను ప్రతిసారీ ఇద్దరం పట్టుకోవాలి. రాత్రి రెండుసార్లు లేచే మనిషికి అది ప్రమాదమే. రెండో రాత్రి పైకప్పు కిటికీ అంచు నుంచి నీళ్లు కారి పరుపు తడిసింది. ఆ సంగతి బండి అద్దెకిచ్చినవారికి ముందే తెలుసని తర్వాత వారి మాటల్లోనే బయటపడింది. ముందుగా చెప్పి ఉంటే ఒక టార్పాలిన్ వెంట తెచ్చుకునేవాళ్లం కదా అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

క్యాంపర్ కొనాలనుకునేవారు ఒక లెక్క తప్పకుండా వేసుకోవాలి. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే ఆ పికప్ మోయగల బరువు. అందులోనే గది, 60 లీటర్ల నీళ్లుంటే ఆ 60 కిలోలు, గ్యాస్, బ్యాటరీ, సామాను, మనుషులు అందరూ ఇమడాలి. పికప్ చూడటానికి ఎంత బలంగా కనిపించినా, ఈ లెక్క వేశాక మిగిలేది చాలా తక్కువ. పైగా గది బరువు వెనుక ఇరుసుకు కాస్త ముందుగా పడకపోతే ముందు చక్రాల పట్టు తగ్గుతుంది.

ట్రైలర్‌కు వేరే లెక్క ఉంది. దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా హిచ్ మీద, అంటే కారుకు ట్రైలర్‌ను తగిలించే కొక్కెం మీద, పడేటట్టు సామాను సర్దుకోవాలి. అంటే 800 కిలోల ట్రైలర్‌కు 80 నుంచి 120 కిలోలు. వెనుక భాగంలో ఎక్కువ బరువు పెడితే వేగం పెరిగినప్పుడు అది తోకలా ఊగుతుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే కాబట్టి దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇక రివర్స్ విషయానికొస్తే, స్టీరింగ్ ఒకవైపు తిప్పితే ట్రైలర్ వెనుక భాగం రెండోవైపు పోతుంది. పాలంపేటలో నేను అరగంట తంటాలు పడుతుంటే, ట్రాలీ తగిలించిన ట్రాక్టర్ మీద పొలం నుంచి వస్తున్న ఒక యువకుడు దిగి వచ్చి, స్టీరింగ్ అడుగు భాగాన్ని పట్టుకుని ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటే జరపమని నేర్పాడు. ఆ తర్వాత నాకు మళ్లీ ఎవరి సాయమూ అవసరం కాలేదు.

రామప్ప చెరువు దగ్గర అనుమతి అడిగి ట్రైలర్‌ను ఒకేచోట మూడు రాత్రులు నిలిపాము. అక్కడి సిబ్బంది మంచినీళ్లు పట్టుకోనిచ్చారు, మరుగుదొడ్డి వాడుకోనిచ్చారు. కరెంటు ప్లగ్గు మాత్రం దొరకలేదు. పూర్వం మేడారం జాతరకు గూడుబండ్ల మీద వచ్చినవాళ్లు చెట్టు కింద కాడి దించి, ఎద్దులను మేతకు వదిలి, బండినే ఇల్లు చేసుకునేవారని అమ్మ చెప్పేది. మేము చేసిందీ అదే. ట్రైలర్‌ను అక్కడే ఉంచి కారులో ఒకరోజు లక్నవరం, ఇంకోరోజు మేడారం వెళ్లి వచ్చాము. క్యాంపర్‌లోనైతే పాల ప్యాకెట్ కోసం కదలాలన్నా స్టవ్వు దగ్గరి నుంచి పరుపు దాకా అన్నీ కట్టిపెట్టుకోవాలి. గదిని దించి పికప్‌ను విడిపించుకోవచ్చు గానీ, దానికి నాలుగు మూలలా జాకీలు, చదునైన గట్టి నేల కావాలి. వానాకాలంలో ఆ నేల మాకు ఎక్కడా దొరకలేదు.

అమ్మ ట్రైలర్‌లోకి ఒకే మెట్టు మీద, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. తెల్లవారుజామున నేను లేచేసరికి తలుపు దగ్గర కూర్చుని చెరువు వైపు చూస్తూ ఉంది. భార్యాభర్తలిద్దరమే తిరిగే వాళ్లమైతే, రోజుకో చోటు మార్చాలనుకుంటే, ఊగినా సరే క్యాంపరే కొనేవాడిని. ఇప్పుడు మాత్రం ఒకే ఇరుసుతో, 800 కిలోలకు మించని ట్రైలర్ కోసమే వెతుకుతున్నాను. కారు కంపెనీ పుస్తకంలో లాగగల బరువు ఎంతని రాశారో చూసుకున్న తర్వాతే అడ్వాన్సు ఇస్తాను.